బ్రేక్ లైటమ్మాయి

"మీరు బాగుచేశానన్నారు. బాగవలేదు," అంది ఆ అమ్మాయి, కారు దిగీ దిగకముందే.

కార్లలో కరెంటు పని చేసే అతను చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టి లేచాడు. కిందటి వారమే ఆ పాత కారు బ్రేకు లైట్లు చూశాడు. బల్బులు మార్చాడు, ఫ్యూజు పెట్టెలో తుప్పు గీకాడు. తన షెడ్డులోంచి బయటికి వెళ్ళేటప్పుడు అవి ఎర్రగా, నిండుగా వెలగడం కళ్ళారా చూశాడు.

"ఏమైందండీ?"

"నిన్న బ్రేకు వేస్తే వెనకొచ్చే లారీ నా డిక్కీకి ముద్దు పెట్టినంత పని చేసింది. లారీ ఆయన దిగి, లైట్లు లేని కారేసుకుని రోడ్డెక్కుతావా అని నలుగురిలో తిట్టాడు. తిట్లు నేను తిన్నాను. తినాల్సింది మీరు."

"ఒకసారి నొక్కండి చూద్దాం," అన్నాడతను వెనక్కి నడుస్తూ.

"నొక్కాను."

"వెలుగుతున్నాయండీ."

"అబద్ధం!" అంటూ ఆమె గబగబా దిగి వెనక్కి వచ్చింది. లైట్లు ఆరిపోయి ఉన్నాయి. "ఇదిగో, చూడండి!"

"మీరు దిగితే ఎలా వెలుగుతాయండీ? కాలు బ్రేకు మీద ఉండాలి కదా."

షెడ్డు ముందుభాగంలో స్పేరు పార్టుల కొట్టు నడిపే అతని అక్క కౌంటరు వెనక నుంచి పక్కున నవ్వింది. ఆ అమ్మాయి మొహం కందగడ్డయింది. ఈసారి అతను సీట్లో కూర్చుని నొక్కాడు, ఆమె వెనక నిలబడి చూసింది. వెలిగాయి. వదిలాడు, ఆరాయి. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ వెలిగాయి.

"నిన్న వెలగలేదు," అంది ఆమె మెల్లగా.

అతను వాదించలేదు. పెడలు దగ్గరుండే స్విచ్చు అప్పుడప్పుడూ మొరాయిస్తుందని చెప్పి, దాన్ని తీసి కొత్తది వేశాడు. ఆ పని జరుగుతున్నంతసేపూ ఆమె స్టూలు మీద కూర్చుని, తాను ఇళ్ళకు వెళ్ళి ఆపరేషన్లయినవాళ్ళ చేత వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టునని, కారు లేకపోతే పేషెంట్లు మంచాల మీదే ఉండిపోతారని చెప్పింది. కారు నాన్నదట. సగం వైర్ల వయసు తన వయసట.

"మీరు అక్కడ వంగిన తీరు చూస్తుంటే ఇంకో ఐదేళ్ళలో నా దగ్గరికే వస్తారు," అంది లేచి. "నడుం కాదు, మోకాళ్ళు వంచాలి."

ఆమె వెళ్ళాక అతను మోకాళ్ళు వంచి పనిచేశాడు. అలవాటు లేక కాళ్ళు లాగాయి. అయినా అలాగే చేశాడు.

పది రోజులు తిరక్కుండా ఆమె మళ్ళీ వచ్చింది. అదే ఫిర్యాదు. నొక్కితే మళ్ళీ చక్కగా వెలిగాయి. అతను వెనక లైట్ల అద్దాలు ఊడదీసి, మీటరు పెట్టి, ప్రతి వైరూ చేత్తో తడిమి చూశాడు. ఎక్కడా లోపం కనబడలేదు.

ఆమె టీ తాగడానికి బయటికి వెళ్ళగానే అక్క కొట్టులోంచి వచ్చి గుమ్మానికి ఆనుకుంది.

"ఒరేయ్, ఎంతసేపు వెతికినా దొరకదురా. కారులో ఏమీ లేదు."

"లేకపోతే ఎందుకొస్తుందే?"

"అదే నేనూ అడుగుతున్నా. ఎందుకొస్తుంది?" అక్క కళ్ళెగరేసింది. "ఇన్ని కార్లొస్తాయి, ఎప్పుడైనా మోకాళ్ళు వంచావా? ఈ బ్రేక్ లైటమ్మాయి చెప్పగానే వంచావు. ఆ అమ్మాయికి కళ్ళు లేవనుకున్నావా?"

"ఊరుకో అక్కా."

ఊరుకోమన్నాడు గానీ, ఆ మాట అతని మనసులో తిష్ట వేసింది. నిజం చెప్పాలంటే, ఆ కారు బాగైపోతుందేమోనని అతనికి రెండు వారాలుగా బెంగగానే ఉంది. బాగైతే ఆమె రాదు. అలాగని లోపం వదిలేసి పంపే రకం కాదతను. లోపమే లేదంటే మాత్రం, ఎంత బావుంటుంది!

ఆ సంతోషంలో నోరు జారాడు.

"కారుకేం లేదండీ," అన్నాడు ఆమె తిరిగి రాగానే, నవ్వుతూ. "మీరు రావాలనుకుంటే ఊరికే రావచ్చు. లైట్ల వంక అక్కర్లేదు."

ఆమె టీ గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టింది.

"వంకా?"

"అంటే, నా ఉద్దేశం..."

"రోడ్డు మీద ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరుగుతున్నది నేను. మీరేమో నేను మిమ్మల్ని చూడ్డానికి కథలల్లుతున్నానంటారు! ఎక్కండి. మీరే చూద్దురుగాని."

అతను ఎక్కాడు. ఆమె రెండు వీధులు తిప్పింది. ప్రతి మలుపులోనూ బ్రేకు వేసి, అతన్ని దింపి చూడమంది. ప్రతిసారీ లైట్లు నిక్షేపంగా వెలిగాయి. చివరికి షెడ్డు ముందు ఆపి, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయని అతను గమనించాడు. గమనించనట్టే దిగాడు. ఆ పూటకి అతను చేయగలిగిన మంచి పని అదొక్కటే.

కారు వెళ్ళిపోయింది.

"చెడగొట్టావు," అంది అక్క.

"నువ్వే చెప్పావుగా!"

"నేను నీతో చెప్పాను. ఆ పిల్లతో చెప్పమన్నానా?"

నాలుగోనాడు సాయంత్రం వాన జోరుగా పడుతుండగా ఫోను మోగింది.

"ఇప్పుడు వెలగడం లేదు," అందామె గొంతు, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా. "కారు కదపను. ఉన్నది ఉన్నట్టు మీరే వచ్చి చూడండి."

అడ్రసు చెప్పి పెట్టేసింది. అతను పనిముట్ల సంచి రెయిన్‌కోటు లోపల పెట్టుకుని స్కూటరెక్కాడు.

ఒక మేడ ముందు కారు ఆగి ఉంది. ఆమె గొడుగు పట్టుకుని పక్కన నిలబడి ఉంది. డ్రైవరు సీట్లో ఒక పెద్దాయన, ఒళ్ళో చేతికర్రతో, దర్జాగా కూర్చుని ఉన్నాడు.

"ఈయన నా పేషెంటు. మోకాలి ఆపరేషనైంది," అంది ఆమె ముభావంగా. "తాతగారూ, బ్రేకు నొక్కండి."

"నొక్కానమ్మాయ్! ఇది కూడా ఎక్సర్‌సైజు లెక్కేనా?"

"లెక్కే. అలాగే పట్టి ఉంచండి."

అతను వెనక్కి వెళ్ళి చూశాడు. లైట్లు వెలగలేదు. ఊరికే ఒక మసక, ఇండికేటర్లలో కూడా అదే మసక. ఆమె చెప్పిందంతా నిజం. లారీ నిజం. తిట్లు నిజం. వంక అన్నది మాత్రం తన ఊహ.

"డిక్కీ తీయాలి," అన్నాడు తల వంచుకుని.

ఆమె తీసింది. లోపల పేషెంట్లను పడుకోబెట్టే మడత బల్ల ఒకటి అడ్డంగా, బిగుసుకుని ఉంది.

"ఉండండి, ఇది తీసేస్తాను. మీ పనికి అడ్డు," అంటూ ఆమె బల్లను పైకెత్తింది.

తడి రోడ్డు ఒక్కసారిగా ఎర్రబడింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మళ్ళీ పెట్టండి," అన్నాడతను.

పెట్టింది. ఆరిపోయాయి.

"ఎత్తండి."

వెలిగాయి.

"మా షెడ్డుకి వచ్చినప్పుడల్లా ఈ బల్ల ఎక్కడుందండీ?"

"ఇంట్లో. పనిచేసేవాళ్ళకి సామాను అడ్డు పెట్టకూడదని మా నాన్న అంటారు. డిక్కీ ఖాళీ చేసి, తుడిచి మరీ తెచ్చేదాన్ని." ఆమె నాలుక కరుచుకుంది. "అయ్యో! రోగాన్ని ఇంట్లో పెట్టి మనిషిని డాక్టరు దగ్గరికి తెచ్చానా?"

అతనికి నవ్వొచ్చింది గానీ నవ్వే ధైర్యం లేదు. బల్ల కాలు ఒరుసుకున్నచోట వైర్ల కట్టను విప్పాడు. లైట్ల నుంచి కారు బాడీకి వెళ్ళే ఎర్త్ వైరు, పైన తొడుగు బాగానే ఉన్నా, లోపల తెగి ఉంది. బల్ల కాలు ఆనితే తెగిన కొసలు విడిపోతున్నాయి, ఆనకపోతే కలుస్తున్నాయి. ఆమె గొడుగు అతని మీదికి వంచింది. అతను తెగిన ముక్క కత్తిరించి, కొత్త వైరు వేసి, బాడీని గీకి తళతళలాడేలా చేసి బిగించాడు. బల్ల కాలు తగలకుండా కట్టను పైకి కట్టాడు.

"ఇప్పుడు బల్ల పెట్టండి. తాతగారూ, నొక్కండి!"

"నొక్కాను బాబూ!"

బల్ల లోపలే ఉంది. లైట్లు ఎర్రగా, నిండుగా వెలిగాయి. అతను డిక్కీ మూసి, చేతులు తుడుచుకుని, ఇక తప్పదనుకుని నోరు విప్పాడు.

"నన్ను క్షమించండి. మీరు నాకోసం వస్తున్నారనుకున్నాను. అలా అనుకోవడం నాకు బావుంది, అందుకే నమ్మేశాను. ఇకమీదట మీకు రావాల్సిన పని లేదు. కానీ... రాకపోతే మాత్రం నాకు కష్టంగా ఉంటుంది."

వాన గొడుగు మీద టపటపలాడుతోంది. ఆమె ఎర్రటి వెలుగులో అతని మొహంలోకి చూసింది.

"మీకు వైర్లు తప్ప ఏమీ అర్థం కావా?" అంది. "ఊళ్ళో మీరొక్కరే ఎలక్ట్రీషియనా? రెండుసార్లు చేతకాలేదని తేలిపోయిన మనిషి దగ్గరికి ఎవరైనా మూడోసారి వస్తారా?"

అతను నోరు తెరిచాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"లైట్ల సంగతి నిజం. అబద్ధమన్నారని కోపమొచ్చింది. రెండో సంగతి కూడా నిజమే. దాన్ని అంత తేలిగ్గా నవ్వుతూ అనేశారని ఇంకా కోపమొచ్చింది."

"ఆదివారం మీ నాన్నగారు ఇంట్లో ఉంటారా?"

"ఉంటారు. మీ అక్కను కూడా తీసుకురండి. ఒక్కరే వస్తే బిల్లు కోసం వచ్చారనుకుంటారు."

"అమ్మాయ్!" కారులోంచి తాతగారి కేక వినిపించింది. "కాలు పట్టేస్తోంది. మీ మాట తేలిందా లేదా?"

"తేలింది తాతగారూ. వదిలేయండి."

ఎర్రటి వెలుగు ఆరిపోయింది. ఇద్దరూ ఆ గొడుగు కింద అలాగే నిలబడ్డారు.