రాణి కంటే ముందు కట్టిన మనిషి

అమ్మమ్మ నిజం చెప్పిందా, కోతలు కోసిందా? నలభై తొమ్మిదేళ్లుగా కనకరత్నం ఈ సందేహాన్ని కొంగున ముడేసుకుని తిరుగుతోంది.

ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మమ్మ తాయారమ్మ వంటింటి గడప మీద కూర్చుని చెప్పింది. "సినిమాలో రాణి కట్టిన పట్టుచీర లేదూ, ఆవిడ కంటే ముందు దాన్ని నేను పదకొండు రోజులు కట్టానే!" ఇంటిల్లిపాదీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది కనకరత్నమే. "అదే నిజమైతే నీ తల్లో మూరెడు కనకాంబరాలు పెడతానే అమ్మమ్మా" అని పందెం కాసింది. "బాకీ గుర్తుంచుకో" అంది ముసలామె. ఆ మరుసటి ఏడే పోయింది.

ఇప్పుడు 2091. పొద్దున్నే తొడుక్కున్న అంగీ ఒంటిని బట్టి తనే సర్దుకుంటుంది, ఎండెక్కితే తనే పలచబడుతుంది. మగ్గం మీద నేసిన బట్ట చూడాలంటే గుడికి పోవాలి, లేకపోతే మ్యూజియానికి. బందరు సముద్రపు ఒడ్డున ఉన్న వస్త్ర మ్యూజియంలో పాతబట్టలు బాగుచేసే పని కనకరత్నానిది. మర్నాడు అక్కడ ఒక ప్రదర్శన మొదలవుతుంది. ఒక గాజుపెట్టెలో ఒకనాటి సంస్థానపు రాణి కట్టిన పట్టుచీర. పక్క పెట్టెలో, ఆ రాణి కథను సినిమాగా తీసినప్పుడు దాన్ని చూసి నేయించిన చీర. అమ్మమ్మ చెప్పిన చీర అదే.

రెంటినీ చదవడానికి ధారణదర్శిని అనే యంత్రాన్ని తెప్పించారు. ఇంగ్లీషులో దాన్ని ఫైబర్ రీడర్ అంటారు. బట్ట కట్టినప్పుడల్లా నడుము దగ్గర, మోచేతి దగ్గర పోగులు వంగుతాయి. చెమటలోని ఉప్పు పోగు లోపలికి పొరగా దిగుతుంది. చెట్టు మానులో ఏటికో వలయం ఉన్నట్టే, బట్టలో కట్టినవాళ్ల పొరలు వరసగా ఉంటాయి. యంత్రం సన్నని కాంతితో వాటిని విడదీసి, కట్టిన మనిషి ఆకారాన్నీ నడకనూ గాలిలో వెలుగుబొమ్మగా నిలబెడుతుంది. మెడ దాకానే. తల దానికి తెలియదు.

మధ్యాహ్నం కనకరత్నం దేవుణ్ణి తలుచుకుని, "సినిమా చీర చదువు" అంది.

"ఇద్దరి జాడ ఉందండి" అంది యంత్రం. "రెండో మనిషి తొమ్మిది గంటలు కట్టింది. మొదటి మనిషి పదకొండు రోజులు."

తల లేని వెలుగుబొమ్మ ఒకటి లేచింది. నాలుగడుగులు వేసి ఆగి, ఎడమ పాదం మీద కుడి పాదం వేసుకుని నిలబడింది.

"అలా నిలబడేదని నీకెలా తెలుసు?"

"చీర అంచు రెండు పాదాల మధ్య నలిగిందండి. ప్రతి రోజూ ఒకేచోట."

కనకరత్నం దగ్గరికి వెళ్లి ఆ పాదాల వంక చూసింది. పొయ్యి దగ్గర అమ్మమ్మ నిలబడే తీరు అదే. "కొంగలా ఆ నిలబడడం ఏమిటే" అని తాత వెక్కిరించేవాడు. కొత్త జరీ ఒంటిని గీరుతుంది. హీరోయిన్‌కు గీతలు పడకుండా, అవే కొలతలున్న అమ్మమ్మ చేత ముందు కట్టించి మెత్తబరిచారన్నమాట.

తేరుకుని రాణిగారి చీర చదివించింది. అక్కడా ఇద్దరే. రాణిగారు కట్టింది మూడుసార్లు. అంతకుముందు నెల రోజులు కట్టిన మనిషికి ఎడమ నడుం మీద బిందె ఆనిన వంపు ఉంది.

అప్పుడే మ్యూజియం డైరెక్టర్ పరాంకుశం వచ్చి ఆ వెలుగుబొమ్మలను చూశాడు. మర్నాటి సభకు నేయించుకున్న జరీ కోటు వేసుకుని సరిచూసుకుంటున్నాడు.

"కనకరత్నంగారూ, రేపు ముందు వరసలో రాజావారి వంశంవాళ్లు కూర్చుంటారు. మీ రాణిగారిది దాసీ కట్టి విడిచిన చీర అని చెప్పమంటారా? రెండు చీరల్లోనూ ఆ మొదటి పొరలు నాయిస్, యంత్రం పొరపాటు అనుకోండి. తీసేసి రిపోర్టు మీద సంతకం పెట్టండి."

"అది నాయిస్ కాదండీ, మా అమ్మమ్మ."

"మరీ మంచిది. సొంత మనిషి కాబట్టి మీ మాట ఎవరూ నమ్మరు."

"నమ్మకపోతే మానెయ్యమనండి. పదకొండు రోజుల మనిషిని తీసేసి తొమ్మిది గంటల మనిషిని ఉంచాలా? నేను పెట్టను."

"పెట్టకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

"పొరలు నేను తీయగలనండి" అంది యంత్రం. "సంతకం మాత్రం మనిషిదే కావాలి."

కనకరత్నం ఆయన కోటు వైపు చూసింది. "మగ్గం జరీయే కదండీ? మెడ దగ్గర గీరుకోవడం లేదూ?"

"లేదే, మెత్తగా..." ఆయన ఆగిపోయాడు.

"ఈ కోటు చదువు" అంది ఆమె యంత్రంతో.

"ఇద్దరండి. మొదటి మనిషి నాలుగు రోజులు."

బక్కపలచటి మగమనిషి ఆకారం లేచింది. కుడి భుజం కిందికి జారి ఉంది. ఏదో కలియబెడుతున్నట్టు ఆ చెయ్యి గుండ్రంగా తిరుగుతోంది.

"మా వంట సత్తెయ్య" అన్నాడు పరాంకుశం, గొంతు తగ్గించి. "కొత్తది కదా, గీరుకుంటుందని..."

"ముందు ముందు ఎవరో ఒకరు మీ కోటును కూడా ఇలా గాజుపెట్టెలో పెడతారు. ఆనాటి డైరెక్టరు సత్తెయ్యను నాయిస్ అంటాడు. దేవుడికి ఎవరూ కట్టని కొత్తబట్ట కడతామండీ. పెళపెళలాడుతుంది. గీరుకుంటోందని ఆయన ఏనాడూ అనలేదు. ఇంత సుకుమారం మనకే ఎందుకు?"

ఆయన కోటు విప్పి చేతి మీద వేసుకుని వెళ్లిపోయాడు. కనకరత్నం పొరలన్నీ ఉన్న రిపోర్టు మీదే సంతకం పెట్టింది.

మర్నాడు గాజుపెట్టెల ముందు నాలుగు వెలుగుబొమ్మలు నడిచాయి. రాజావారి మునిమనవరాలు విసురుగా లేచిపోయింది. జనం మాత్రం బిందె వంపు దగ్గర కదలకుండా నిలబడ్డారు. పరాంకుశం మామూలు చొక్కాలో వచ్చి, వెనక వరసలో సత్తెయ్య పక్కన కూర్చున్నాడు. తన ఉద్యోగం ఉందో ఊడిందో కనకరత్నానికి ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

హాలు ఖాళీ అయ్యాక ఆమె సంచిలోంచి ఆకుపొట్లం తీసింది. బట్టలకు పురుగు పడుతుందని, పువ్వులు లోపలికి తేకూడదన్న నియమం రాసింది తనే. పొద్దున గుడి ముందు కొన్న కనకాంబరాల మూరను తీసుకుని, కొంగలా నిలబడ్డ వెలుగుబొమ్మ వెనక్కి వెళ్లింది. జుట్టుముడి ఉండవలసిన చోటికని చెయ్యి పైకెత్తింది. మెడ అంత ఎత్తున లేదు. చెయ్యి కిందికి దించింది. చిన్నప్పుడు తలెత్తి చూసిన అమ్మమ్మ తన భుజం దాకానే వచ్చింది.

"ఇదిగోనే" అంది, పూలు అక్కడ పట్టుకుని. "మూరకు జానెడు ఎక్కువే ఉంది."