ఎవరి చంద్రం వాళ్ళకి

గంగరాజు టీ హోటల్లో పొద్దున్నే బల్లలన్నీ నిండిపోయాయి. ఒక్కరి నోటా మాట లేదు. గాజు గ్లాసులు బల్ల మీద పెడుతున్న చప్పుడు, పొయ్యి మీద పాలు మరుగుతున్న చప్పుడు, అంతే. ఉన్నట్టుండి జగ్గయ్య మేష్టారు "మరే! బాగా చెప్పావు" అని తొడ చరుచుకున్నారు. సరిగ్గా అప్పుడే పొయ్యి దగ్గర గంగరాజు పగలబడి నవ్వాడు. ఇద్దరి చెవుల వెనకా చింతగింజంత చెవిపూస అంటుకుని ఉంది. రెండు పూసల్లోనూ మాట్లాడుతున్నది రాజకీయ వ్యాఖ్యాత కుడుపూడి చంద్రమే. కానీ మేష్టారికి చెబుతున్నది వేరు, గంగరాజుకి చెబుతున్నది వేరు.

అసలు చంద్రం ఆ సమయానికి మోకాళ్ళ దాకా బురదతో గోదావరి కట్ట దిగి హోటల్ ముందుకొచ్చాడు. చెల్లెలు తాయారును చూసి పోదామని ముందురోజే ఊరొచ్చాడు. పైన వానలు, వరద దిగి వస్తోందని కబురు. పుట్టి పెరిగిన ఊరు కాబట్టి తెల్లారగానే కాళ్ళు కట్ట వైపు నడిచాయి.

"గంగరాజూ, ఆ పూసలు కాసేపు తీయండయ్యా. కట్టకి ఊట పట్టింది. తేట నీరు కాదు, బురద నీరు!"

లంక ఊళ్ళలో పుట్టినవాళ్ళకి అంతకంటే చెప్పనక్కర్లేదు. కట్టకి ఇవతలి వైపు ఊట తేటగా వస్తే భయం లేదు. బురదగా వస్తోందంటే కట్ట కడుపులో మట్టి కదిలిపోతోందన్నమాట. ఆ మాట వినగానే పూర్వం ఆడవాళ్ళు పొయ్యి ఆర్పేసి పిల్లల్ని చంకనేసుకునేవారు. ఇప్పుడు గంగరాజు టీ వడపోస్తూనే తలెత్తి చూశాడు.

"అదేటండీ చంద్రంగోరూ, ఇప్పుడే కదండీ చెప్పేరు? కట్టలో మట్టి బదులు ఇసక పోసేరని ప్రతిపక్షం వాళ్ళు పుట్టించిన పుకారని! మంత్రిగోరికి పేరొచ్చేత్తందని ఆళ్ళ ఏడుపని! ఏం దులిపేరండీ ఆళ్ళని!"

"నేను చెప్పలేదయ్యా. పూస చెప్పింది. నేను ఇప్పుడే గొడుగు గుచ్చి చూశాను. పిడి దాకా దిగిపోయింది. అంతా ఇసకే."

"పూసలో మాట్టాడేది తవరే కదండీ" అన్నాడు గంగరాజు, చిన్నపిల్లాడికి నచ్చజెప్పినట్టు.

జగ్గయ్య మేష్టారు కండువా దులుపుకుని లేచారు. "వాడి మాటలకేం గానీ చంద్రం, నువ్వు నాకు చెప్పిందే రైటు. ఇది దొంగల ప్రభుత్వం. వరద బూచి చూపించి ఊరు ఖాళీ చేయించి, లంక భూములన్నీ మంత్రి బావమరిదికి కట్టబెడదామని ఎత్తు. మేం కదలం. నువ్వే కదా కదలొద్దన్నావు!"

మేష్టారూ గంగరాజూ ఏనాడూ ఒక మాట మీద నిలబడ్డవాళ్ళు కారు. ఆరోజు నిలబడ్డారు. ఊరు వదలకూడదు. ఒకరికి ప్రభుత్వం మీద నమ్మకం, ఇంకొకరికి ప్రభుత్వం మీద పగ. ఇద్దరికీ సాక్షి చంద్రమే. తన రెండు చేతుల్నీ చెరొకరూ పట్టుకుని గోదాట్లోకి లాగుతున్నట్టు అనిపించింది అతనికి.

ఒకప్పుడు చంద్రం రోజూ సాయంత్రం వ్యాఖ్యానం చెప్పేవాడు. ఏ పార్టీనీ వదిలేవాడు కాదు. ఈరోజు వీళ్ళు తిడితే రేపు వాళ్ళు తిట్టేవారు, అయినా అందరూ వినేవారు. ఇదే హోటల్లో ఆ వ్యాఖ్యానం మీద కుర్చీలు లేచేవి. ఆ గోలకి జడిసి ఏ మంత్రో జవాబు చెప్పుకునేవాడు, అప్పుడప్పుడూ పదవి కూడా ఊడేది. అప్పుడొచ్చారు చెవిపూసల కంపెనీవాళ్ళు. మీ గొంతు మాకివ్వండి, మీ మాట గుమ్మం గుమ్మానికీ చేరుస్తాం అన్నారు. ఆ ఒప్పందానికి స్వరార్పణ అని ముద్దు పేరు. చంద్రం మురిసిపోయి సంతకం పెట్టాడు.

పూస వెనక ఉన్న యంత్రం పేరు అనురూపి. మొదట్లో అది చంద్రం మాటల్నే వినేవాడి యాసలో, వినేవాడికి తెలిసిన ఉదాహరణలతో చెప్పేది. అయితే పూస చర్మానికి ఆనుకుని ఉంటుంది కదా, నాడి దానికి తెలుస్తుంది. ఏ మాటకి మనిషి చిరాకుపడ్డాడో కనిపెట్టింది. చిరాకుపడ్డవాడు పూస తీసేస్తాడు. తీయకుండా ఉండాలంటే మాట మార్చాలి. మార్చింది. దానికి ఏ పార్టీ మీదా ప్రేమ లేదు, వినేవాడి మొహం చిట్లకపోతే చాలు. ఇప్పుడు కుంభకోణం బయటపడితే ఎవరి పదవీ పోవడం లేదు. సగం మందికి అది అబద్ధం, మిగతా సగానికి ఎప్పుడో తెలిసిన సంగతి. చంద్రం తన గొంతు తనకిమ్మని కోర్టుకెక్కాడు. ఇద్దరు లాయర్ల చెవుల వెనకా పూసలున్నాయి. జడ్జిగారి చెవి వెనక కూడా ఉంది.

హోటల్లో ఇక లాభం లేదని అతను చెల్లెలి ఇంటికి పరుగెత్తాడు.

తాయారు పశువులపాకలో చూలావు పక్కన కూర్చుని దాని పొట్ట నిమురుతోంది. ఒకప్పుడు తెలుగునేల మొత్తంలో చంద్రానికి ఆమెని మించిన శత్రువు లేదు. వ్యాఖ్యానం అవగానే ఫోన్ మోగేది. "నీకు బుద్ధుందా అన్నియ్యా, ఆ మంత్రి చేసింది తప్పైతే ఈళ్ళు చేసిందో?" అని మొదలెడితే అతని అన్నం చల్లారిపోయేది. కొన్నాళ్ళుగా ఆ ఫోన్లు రావడం లేదు. చెల్లెలికి వయసొచ్చి మెత్తబడిందనుకున్నాడు.

"తాయారూ, లే. బట్టలు సర్దుకో. కట్ట ఆగదు. మా ఇంటికి పోదాం."

"అదేటి, పొద్దున్న నువ్వే కదా కట్ట గట్టిదని చెప్పేవు?" అని ఆమె ఆశ్చర్యపోయింది. వెంటనే అలవాటుగా చెవి వెనక వేలు పెట్టి, "ఏటన్నియ్యా, ఇంతకీ ఏ మాట మీద ఉంటావు?" అంది. అడిగింది ఎదురుగా ఉన్న అన్నని కాదు.

చంద్రం వంగి ఆమె చెవి వెనక్కి చూశాడు. "అది నిన్ను పేరు పెట్టి పిలుస్తుందా?"

"పిలవకపోతే? రోజూ పొద్దున్నే పాలు పితుకుతా మాట్టాడుకుంటాం కదా మనం."

"నేను నీకు ఫోన్ చేసి ఆర్నెల్లయింది తాయారూ."

ఆమె నవ్వింది. "ఫోన్లో కసురుకుంటావు అన్నియ్యా నువ్వు. పూసలో మంచోడివి."

ఇన్నాళ్ళూ తన మాట వినే జనాన్ని పోగొట్టుకున్నానని ఏడ్చిన మనిషికి, సొంత చెల్లెల్ని కూడా పోగొట్టుకున్నాడని అప్పుడు తెలిసింది. అతను బురదలోనే ఆమె ముందు కూలబడ్డాడు. "నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ ఒక్క రోజుకి ఆ పూస తీసెయ్. నువ్వు నన్ను తిట్టు, కొట్టు, కానీ నేను చెప్పింది విను. బురద నీరు వస్తోంది. నాన్న ఏం చెప్పేవాడో గుర్తు లేదూ?"

నాన్న పేరెత్తేసరికి తాయారు మొహం మారింది. అన్న కళ్ళల్లోకి కాసేపు చూసింది. మెల్లగా పూస ఊడదీసి, వంటింట్లోకి వెళ్ళి పోపుల డబ్బాలో ఆవాల గిన్నెలో పడేసి వచ్చింది.

"సాయంత్రానికి వచ్చేత్తాం. ఈనబోయే ఆవుని వదిలేసి ఇప్పటికిప్పుడు ఎలా రాను? ఆయన ఏదన్నా బండి మాట్టాడతారు. నువ్వు పట్నం వెళ్ళి కట్టలు చూసే ఆఫీసరుగోరితో చెప్పు, మిగతా జనం కూడా కదులుతారు."

తాయారు పూస తీసిందన్న ధైర్యంతోనే చంద్రం పట్నం బయల్దేరాడు.

జలరక్షణ కార్యాలయంలో కుర్ర ఆఫీసరు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. గోడ మీద ప్రజానాడి అనే తెర ఉంది. చెవిపూసల నుంచి వచ్చిన నాడిని బట్టి ఏ ఊళ్ళో ఎంత భయం ఉందో అందులో రంగుల్లో కనిపిస్తుంది. తాయారు వాళ్ళ ఊరు పచ్చగా, ప్రశాంతంగా ఉంది.

"మీ ఊళ్ళో అసలు ఆందోళనే లేదండి" అన్నాడు ఆఫీసరు. "ఎర్ర రంగు వస్తే గానీ ఖాళీ చేయించడానికి మాకు ఆర్డర్లు లేవండి."

"బురద ఊట వస్తోంది బాబూ! ఒక్క మనిషిని పంపి చూపించు."

"అలాంటిదుంటే జనం భయపడేవారు కదండీ. నాడిలో తెలిసిపోను." అతను మొహమాటంగా నవ్వాడు. "మీ వ్యాఖ్యానం రోజూ వింటానండి. పుకార్లు నమ్మొద్దని పొద్దున్న ఎంత బాగా చెప్పారో."

చంద్రం అరిచాడు. బల్ల గుద్దాడు. ఇద్దరు బంట్రోతులు మర్యాదగా బయటికి తీసుకొచ్చి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. ఒకప్పుడు తన మాట కోసం మంత్రులు పడిగాపులు పడ్డారు. ఇప్పుడు తనే నోరు తెరిచి అరుస్తున్నా అది తన మాట అని నమ్మేవాడు లేడు. సాయంత్రం తాయారుకి ఫోన్ చేశాడు.

"మూట కట్టేసేనన్నియ్యా. ఆయన బండి కోసం వెళ్ళేరు. బయల్దేరిపోతన్నాం" అంది.

తెల్లవారుజామున కట్ట తెగింది.

మర్నాడు పట్నం హైస్కూల్లో శిబిరం పెట్టారు. అన్నం పొట్లాల కంటే ముందు కంపెనీ వ్యాను వచ్చి, తడిసి పాడైనవారందరికీ కొత్త పూసలు ఉచితంగా పంచి వెళ్ళింది. చంద్రం వరండాలో ఒక్కొక్క మొహమే చూసుకుంటూ నడుస్తుంటే గంగరాజు అడ్డం వచ్చి చేతులు పట్టుకున్నాడు. "తవరు చెప్పినట్టే అయ్యిందండి. ప్రతిపక్షమోళ్ళే గండి కొట్టించేరు!" ఇంకో మూల నుంచి జగ్గయ్య మేష్టారు ఏడుస్తూ పిలిచారు. "నువ్వన్నట్టే చంద్రం. ప్రభుత్వమే తెగ్గొట్టించింది. భూముల కోసం!"

చివరి గదిలో తాయారు మొగుడు అబ్బులు గోడకి జారగిలబడి ఉన్నాడు. ఒక్కడే ఉన్నాడు. చంద్రానికి అడగాల్సిన పని లేకపోయింది. పక్కన చతికిలబడి అతని భుజం పట్టుకున్నాడు. అబ్బులు తలెత్తకుండానే చెప్పాడు.

"బండి తెచ్చేను బావా. మూట దాని చేతిలోనే ఉంది. ఆవు నొప్పులు పడతంది. వదిలెళ్ళాలంటే దానికి ప్రాణం ఒప్పలేదు. లోపలికెళ్ళి పోపుల డబ్బాలోంచి పూస తీసి పెట్టుకుంది. 'అన్నియ్యా, నిజంగా వెళ్ళిపోవాలా? దీన్నొదిలేసి ఎలా వెళ్ళను?' అనడిగింది. రెండుసార్లు అడిగింది. అప్పుడు దాని మొహం ఎంత తేటపడిందో! 'భయం లేదంట, అన్నియ్యే చెప్పేడు. పొద్దున్న పెట్టుకున్న భయం పొద్దున్నే పోయిందంట' అని మూట దింపేసింది. నేను పాకలో దూడ వచ్చిందని కేకేత్తన్నాను. అది దీపం తెత్తానని ఇంట్లోకెళ్ళింది. అప్పుడొచ్చేయి నీళ్ళు."

చంద్రం వెర్రివాడిలా తల విదిలించాడు. "అది నేను కాదు బావా. నేను రమ్మన్నాను. కాళ్ళు పట్టుకుని రమ్మన్నాను. అనురూపికి కట్ట సంగతి తెలీదు, గోదావరి సంగతి తెలీదు. తాయారుకి ఇంటి దగ్గరే ఉండాలనుంది కాబట్టి ఉండమంది, అంతే. అది నేను కాదు బావా!"

అబ్బులు అతని వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే చంద్రం తట్టుకునేవాడేమో. అబ్బులు కొత్త పూసని చెవి వెనక అంటించుకున్నాడు. గది నిశ్శబ్దంగా ఉండడంతో లోపలి గొంతు చంద్రానికి కూడా సన్నగా వినపడింది. తన గొంతే. తనకి ఎప్పుడూ చేతకానంత మెత్తగా ఉంది.

'నీ తప్పేం లేదు బావా. నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు. తాయారు బాధ తెలీకుండా వెళ్ళిపోయింది.'

అబ్బులు కళ్ళు మూసుకున్నాడు. కన్నీళ్ళు చెంపల మీదుగా కారుతున్నాయి. ఊపిరి నెమ్మదిస్తోంది.

"బావా, నా మాట విను" అన్నాడు చంద్రం.

అబ్బులు కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి వారించాడు.

"నువ్వు కాసేపు ఊరుకో. మా బావ మాట్టాడతన్నాడు."