పద్దెనిమిది చుట్లు

శుక్రవారం ఉదయం ఏడు గంటల అయిదు నిమిషాలకు మంచినీళ్ల సంపులో ఢిల్లీరావు శవం కనిపించింది.

సంపు కడగడానికి దిగిన మనిషి. మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగంలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాడు. నీళ్లు, కాలువలు, వీధి దీపాలు చూసే విభాగం అది. అన్నీ సక్రమంగా నడిచినంతకాలం అలాంటిదొకటి ఉందని ఎవరికీ గుర్తుండదు. ఆ ఉదయం మాత్రం ఊరంతా సంపు చుట్టూ మూగింది.

పలాసకీ టెక్కలికీ మధ్యనున్న చిన్న టౌను అది. సి.ఐ. వరహాలు అక్కడికి శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు చేరాడు. అంతకుముందు మూడు రోజులు బందోబస్తు డ్యూటీ. కాళ్లు వాచిపోయాయి. బూట్లు విప్పితే మళ్లీ ఎక్కవని విప్పలేదు.

ఎస్.ఐ. రోజా ఫైలు ముందు పెట్టింది.

"మర్డర్ సార్. వాల్వ్‌మేన్ సామ్యేలు. లాకప్‌లో ఉన్నాడు. సాయంత్రం అయిదింటికి మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి."

"ఎలా జరిగింది?"

"మూడు రోజులు నీళ్లు ఆపి, సంపు ముందున్న పాత వాల్వు తీసేసి కొత్తది వేశారు. నిన్న ఆరున్నరకు హెడ్‌వర్క్స్‌లో పంపు ఆన్ చేశారు. నీళ్లు వాల్వు దాకా వచ్చి ఆగిపోవాలి. ఆగలేదు. వాల్వు పూర్తిగా తెరిచి ఉంది. ఆరూ నలభై ఏడుకి సంపులోకి ఒక్కసారిగా కొట్టాయి. ఢిల్లీరావు పైపుకి ఎదురుగా ఉన్నాడు. తల గోడకి తగిలింది."

"వాల్వు తిప్పే కీ?"

"ఒక్కటే సార్. గురువారం కాంట్రాక్టరు ఫిట్టరు వాల్వు మూసి, కీ తిరిగిచ్చేశాక సామ్యేలు దగ్గరే ఉంది."

"పగేమిటి?"

"సామ్యేలు భార్య దయమ్మకి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు పలాసలో డయాలిసిస్. శుక్రవారం సంపు కడిగే వంతు సామ్యేలుది. దాన్ని మార్చుకోమని బుధవారం అడిగితే ఢిల్లీరావు కుదరదన్నాడు. 'నీ అంతు సూత్తాను' అని సామ్యేలు అరిచాడు. పదిమంది విన్నారు."

"మళ్లీ డయాలిసిస్ ఎప్పుడు?"

రోజా ఆ ప్రశ్న ఊహించలేదు.

"నిన్నటిది తప్పిపోయింది సార్. రేపు ఉదయం ఏడింటికి రమ్మన్నారట. తీసుకెళ్లడానికి ఇంకెవరూ లేరు."

వరహాలు కళ్లు మూసుకున్నాడు. అతనిది ఇంటింటా కిడ్నీ రోగులుండే ఉద్దానం. రెండు పూటలు వరుసగా తప్పితే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. సొంత అన్న అలాగే పోయాడు.

లాకప్‌లో సామ్యేలు గోడకి చేరగిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. అరచేతులు కాయలు కాచి ఉన్నాయి.

"వాల్వు ఎన్నింటికి ముట్టుకున్నావు?"

"ఆరూ పదికి బాబూ."

"మూసే ఉందని ఫిట్టరు చెప్పలేదా?"

"సెప్పినాడు. కానీ లోపలికి దిగీది మా ఢిల్లీ బావ. నా సేత్తో సూసుకోకపోతే ఎలాగ? సూత్తే ఏటి, తెరిసే ఉన్నాది. పద్దెనిమిది సుట్లు తిప్పి బిగించినాను."

"లెక్క పెట్టావా?"

"లెక్కెట్టకుండా వాల్వు తిప్పుతారా బాబూ? ఇరవయ్యారేళ్ల బట్టీ ఇదే పని."

"నీళ్లొచ్చాక ఏం చేశావు?"

"ఆడి కేక ఇని పరిగెట్టినాను. కీ యేసి మూద్దావంటే కదల్నేదు. ఎంత బలమెట్టినా కదల్నేదు."

"బుధవారం దెబ్బలాట?"

సామ్యేలు అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"అయ్యింది. గురువారం ఆడే మా ఇంటికొచ్చినాడు. 'రేపు సంపులోకి నువ్వు దిగకు బావా, నాను దిగుతాను. తడిబట్టల్తో దయమ్మప్పని ఆస్పత్రికేటి తీసుకెల్తావు' అన్నాడు. నేకపోతే అందులో ఉండాల్సింది నాను బాబూ."

వరహాలు బయటికొచ్చి ఫైలు మళ్లీ చదివాడు. కాంట్రాక్టరు దగ్గర పనిచేసే ఫిట్టరు బాలకృష్ణ స్టేట్‌మెంటు రెండే వాక్యాలు. గురువారం సాయంత్రం నాలుగింటికి వాల్వు బిగించాం. గట్టిగా మూసి వెళ్లాం. సంపు ఎదురింటి సింహాచలమ్మ మాత్రం రెండు పేజీలు చెప్పింది. కీ మీద సామ్యేలు ఒళ్లంతా వేసి వేలాడాడని, అయినా అది ఇసుమంతైనా కదల్లేదని.

"నాటకం సార్," అంది రోజా.

"ఫిట్టరు అబద్ధమాడాడంటావా?"

"లేదు సార్. ఇద్దరు కూలీలు సాక్ష్యం చెప్పారు."

"మరి మూసి ఉన్న వాల్వుని సామ్యేలు పద్దెనిమిది చుట్లు ఎలా బిగించాడు?"

"అబద్ధం సార్."

"అబద్ధమాడేవాడు 'మూసే ఉంది, నేను ముట్టుకోలేదు' అంటాడు. అది తేలిక. వీడు తనకే ఇబ్బందయ్యే మాట చెప్తున్నాడు." వరహాలు కుర్చీలోంచి కష్టపడి లేచాడు. "ఇద్దరూ నిజమే చెప్తున్నారేమో. పద, చూద్దాం."

మూడూ నలభైకి వాల్వు ఛాంబరు దగ్గరికి అందర్నీ పిలిపించాడు. అసిస్టెంట్ ఇంజనీరు మోహనకృష్ణ, ఫిట్టరు బాలకృష్ణ, ఢిల్లీరావు భార్య బొడ్డమ్మ. మైలలో ఉన్న మనిషిని గడప దాటించడం తప్పే. కానీ మాటలతో చెప్తే ఆమె నమ్మదు. సామ్యేలుని దూరంగా జీపులోనే ఉంచాడు.

వాల్వు నీలంరంగులో మెరుస్తోంది. ఆదివారం ఎవరో పెద్దాయన రిబ్బను కత్తిరించి ప్రారంభించాల్సినది. రంగు మూడు పూతలు దట్టంగా వేశారు. వరహాలు మోకాళ్ల మీద కూర్చుని తాళంచెవితో పైన గీకాడు. రంగు పెచ్చులూడింది. కింద ఇనుములో పోతపోసిన బాణం గుర్తు బయటపడింది.

"ఏ.ఇ. గారూ, వాల్వు ఎటు తిప్పితే మూసుకుంటుంది?"

"కుడికి సార్. ఎక్కడైనా అంతే కదా."

"ఈ ఊళ్లో పాత వాల్వు మీరు ఎప్పుడైనా తిప్పారా?"

"నేనా? నేనొచ్చి నాలుగు నెలలే సార్. అది వాల్వ్‌మేన్ పని."

వరహాలు తలూపాడు. బాలకృష్ణ చేత వాల్వు మూయించాడు. అతను కుడికి తిప్పాడు. పద్దెనిమిది చుట్లకు ఆగింది. ఫోన్ చేసి పంపు ఆన్ చేయించాడు. పావుగంట గడిచింది. సంపులోకి చుక్క రాలేదు.

అప్పుడు సామ్యేలుని తీసుకొచ్చారు.

"శుక్రవారం ఎలా మూశావో అలాగే ముయ్యి."

సామ్యేలు కీ తగిలించాడు. ఎడమకి తిప్పాడు. ఏ ఆలోచనా లేదు, ఇరవయ్యారేళ్లుగా చేతులకున్న అలవాటు. ఒకటి, రెండు, మూడు... నాలుగో చుట్టుకి సంపులో నీళ్లు భోరుమన్నాయి.

అతను ఆగిపోయాడు.

"మూత్తంటే నీల్లొత్తాయేటి బాబూ?"

వరహాలు ఆ మాటకి జవాబు చెప్పాల్సి వచ్చింది. ఉద్యోగంలో చేరాక ఇంత కష్టమైన మాట ఎప్పుడూ చెప్పలేదు.

"ఈ ఊరి పాత వాల్వులన్నీ ఎడమకి మూసుకుంటాయి. కొత్తది కుడికి. బాణం గుర్తు రంగు కింద పోయింది. వాల్వు ముందే మూసి ఉంది సామ్యేలూ. పద్దెనిమిది చుట్లు నువ్వు తిప్పింది తెరిచేవైపు. నీళ్లొచ్చాక కదలనిది కూడా అందుకే. అప్పటికే పూర్తిగా తెరుచుకుంది. నువ్వింకా తెరిచే వైపే లాగుతున్నావు."

సామ్యేలు చేతిలోంచి కీ జారిపోయింది. అతను తన అరచేతులకేసి చూసుకున్నాడు.

"ఆడికేటీ అవకూడదనే నాను సూసినాను బాబూ. సూడకపోతే బతికుండును గదా మా బావ!"

కిందనే కూలబడ్డాడు. బాలకృష్ణ గబగబా వాల్వు మూసేశాడు.

మోహనకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "అంటే ఇది యాక్సిడెంటు కదా సార్?"

"లోపల మనిషుండగా పంపు ఆన్ చెయ్యమంది ఎవరు?"

"షెడ్యూల్ ప్రకారం..."

"కొత్త వాల్వు ఎటు తిరుగుతుందో వాల్వ్‌మేన్‌కి చెప్పిందెవరు?"

"అడిగితే చెప్పేవాణ్ణి సార్."

"నిర్లక్ష్యం కేసు రాస్తున్నాను. మొదటి పేరు మీదే." గొంతు పెంచే ఓపిక కూడా వరహాలుకి లేదు. "సామ్యేలూ, నువ్వు ఇంటికెళ్లొచ్చు."

సామ్యేలు కదల్లేదు. "నన్నొగ్గీకండి బాబూ. తిప్పింది నానే."

అంతవరకూ గోడ పక్కన నిలబడ్డ బొడ్డమ్మ ముందుకొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. రెండు రోజులుగా అతణ్ణి శపిస్తున్న మనిషి. రోజా ఎందుకైనా మంచిదని అడ్డంగా రాబోయింది. వరహాలు చేత్తో వారించాడు.

"అన్నా," అంది బొడ్డమ్మ. "నీ మొకం నాను సూడనేను. ఎప్పటికి సూత్తానో కూడా తెల్దు. ఇప్పుడు మాత్రం లెగు. ఎల్లి వదిన్ని సూసుకో. రేపు ఏడింటికల్లా ఆస్పత్రిలో ఉండాల. మా ఇంట్లో పోయినోడొక్కడు సాలు."