సముద్రం చూడని మందు

కంటికట్టు చివరి పొర తీసి డాక్టర్ మృణాళిని ఒక అడుగు వెనక్కి జరిగింది. మంచం మీది దానయ్య రెప్పలాడించాడు. ఏళ్ల తరబడి పొగ తప్ప మరేమీ కనిపించని చోట ఒక ముక్కుపుడక, దాని వెనక బిక్కమొహం తేలాయి. కూతురు పోలమ్మ.

"ఏటే, ఇంత సిక్కిపోనావు?" అన్నాడు. పోలమ్మ బావురుమంది.

ఆ మందు పేరు రెటినా సీడ్. ల్యాబ్‌లో పెంచిన కణాలను సూదితో కంటి వెనక పొరలో నాటుతారు. అవి నిలదొక్కుకున్నాక వెలుగును పట్టి మెదడుకు కబురు పంపుతాయి. రేచీకటితో మొదలై చూపంతా మింగేసే జబ్బుకు అదొక్కటే దిక్కు. ఆ జబ్బు దానయ్యకు తండ్రి ఇచ్చాడు, పోలమ్మకు దానయ్య ఇచ్చాడు. పొద్దు వాలితే ఆ పిల్ల ఇప్పుడే గోడలు తడుముకుంటోంది.

మందును మనుషుల మీద పరీక్షించే ట్రయల్ జరిగే రోజుల్లోనే దానయ్య శ్రీకాకుళం జిల్లా కొసన సముద్రపొడ్డున ఉన్న తన పల్లె నుంచి రైలెక్కి హైదరాబాదు వచ్చాడు. వారం వారం పరీక్షలుంటాయి, దగ్గర్లో ఉండేవాళ్లనే చేర్చుకుంటామని మృణాళినే తిప్పి పంపింది. మర్యాదగానే పంపింది. మర్యాదదేముంది, దానితో చూపు రాదు కదా! మందు బజారుకొచ్చాక, ఇన్నాళ్లకు ఆయన వంతు వచ్చింది.

"డాకటరమ్మా, ఎండలోకెల్లొచ్చా?"

"నిక్షేపంగా వెళ్లండి. ట్రయల్లో అందరూ ఎప్పట్లాగే తిరిగారు, ఒక్కరికీ ఏమీ కాలేదు."

ఆమె అబద్ధమాడలేదు. వాళ్లంతా ఫ్లాట్లలో, ఆఫీసుల్లో, కార్లలో తిరిగినవాళ్లు.

గండం గడిచినవాడు ఇంటి గడప తొక్కేముందు గంగమ్మకు, అంటే సముద్రానికి, పసుపునీళ్లు పోసి, ఆ తల్లిని కళ్లారా చూసి మొక్కాలి. అది ఆ పల్లె ఆచారం. ఊరివాళ్లు ఆయన్ను మిట్టమధ్యాహ్నం డప్పులతో తీసుకెళ్లారు. ఒకప్పుడు నీటి రంగును బట్టి చేపల గుంపు ఎటుందో కనిపెట్టి, ఒడ్డునుంచి తువ్వాలు ఊపి పడవలకు చెప్పినవాడు దానయ్య. మొక్కు అయ్యాక కూడా ఆయన కదల్లేదు. తనివితీరా చూస్తున్నవాణ్ని పిలవడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఎదుట నీళ్లు, కింద తెల్లని ఇసుక, రెండూ ఎండను కళ్లలోకి కొట్టాయి. అంత వెలుగును ఎన్నడూ ఎరగని కణాలు లోపల మాడిపోయాయి.

"అప్పుడే పొద్దుగూకిపోనాదేటే?" అన్నాడు.

సూర్యుడింకా నడినెత్తి దాటి ఎంతో దూరం పోలేదు.

తర్వాత మృణాళిని యంత్రాలన్నీ వ్యాన్‌లో వేసుకుని దానయ్య ఇంటి గుమ్మంలోకే వచ్చింది. దూరం ఇప్పుడు అడ్డు కాలేదు. పరీక్షలన్నీ చేసి రిపోర్టు పంపింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి దానయ్య పక్కన చాప మీద కూర్చుంది.

"తప్పు మాదే దానయ్యగారూ. మీలాంటివాళ్లు ఒక్కరున్నా ట్రయల్లోనే బయటపడేది."

"నానొచ్చాను కదమ్మా."

ఆమె తల వంచుకుంది.

"పోన్లే తల్లీ. నా బతుకెలాగో ఎల్లిపోద్ది. పిల్లకి సూది ఎప్పుడేత్తారు?"

"వెయ్యలేం. సముద్రపొడ్డున బతికేవాళ్లకు ఈ మందు ఇవ్వకూడదని నిన్న ఉత్తర్వొచ్చింది. మీ కళ్ల మీద నేను రాసిన రిపోర్టు చూసే ఇచ్చారు."

దానయ్య చెయ్యి చాచి, తడుముకుంటూ కూతురి మొహం పట్టుకున్నాడు. "అంతసేపు సూడకుండా ఉండాల్సింది, అమ్మా. ఆశకొద్దీ సూసీసి, నీ కళ్లు కూడా నానే పోగొట్టీసినాను."

కాదని చెప్పాల్సిన మనిషి మృణాళిని. ఆమె లేచి చెప్పులు వేసుకుంది.