తెరచాప మీద మసక

ఆ రోజుల్లో విశాఖపట్నంలో గీత పడిన వస్తువు చూడాలంటే మ్యూజియానికి వెళ్ళాల్సిందే. బస్సుల మీద, బల్లల మీద, ఆఖరికి నోట్లో పళ్ళ మీద కూడా జనం కాపుపూత స్ప్రే కొట్టించుకునేవారు. కంటికి కనబడని ఆ పారదర్శక పూతలో నానో యంత్రాలు ఉండేవి. గీత పడితే చాలు, చీమల్లా పోగై పూడ్చేసేవి. వాటన్నిటినీ నడిపించే చిన్న యంత్రబుద్ధిని కాపరి అనేవారు. పిలిస్తే పలికేది.

చిత్రపటాల దగ్గరే చిక్కొచ్చిపడింది. పూత దగ్గర్నుంచి చిమ్మితే కారుతుంది, దూరం నుంచి చిమ్మితే బత్తాయి తొక్కలా గరుకు తేలుతుంది, గాలిలో చెమ్మ ఉంటే తెల్లగా మసకబారుతుంది. డాక్టర్ భాగీరథి సగం వయసు ధారపోసి ఎట్టకేలకు బొమ్మలకు పనికొచ్చే కాపుపూత సాధించింది. సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన చిత్రశాలలో, అప్పలకొండ వేసిన పడవ బొమ్మ మీద దాన్ని మొదటిసారి చిమ్మింది. అప్పలకొండ డెబ్బై దాటిన చిత్రకారుడు. సముద్రం మింగేసిన తన పేటను గుర్తు తెచ్చుకుని గీసుకున్న బొమ్మ అది. మళ్ళీ గీద్దామన్నా ఇప్పుడాయన చేతులు వణుకుతున్నాయి.

ప్రారంభోత్సవానికి ముందు కొన్నాళ్ళు పిలిచిన అతిథులకు మాత్రమే బొమ్మలు చూపించారు. తీరా రేపు ప్రారంభమనగా అప్పలకొండ వచ్చి చూసుకుంటే, తెరచాప మీద బొటనవేలంత తెల్లటి మసక!

"ఏటమ్మా ఇది? నా తెరచాపకి సున్నం కొట్టినావేటి?"

"కంగారు పడకు బాబాయ్. సముద్రపు చెమ్మకి అలా అయ్యుంటుంది. చిటికెలో పోగొడతాను."

"పోకపోతే? రేపు తలుపులు తీసేలోగా పోకపోతే, కరిగించే మందేదో పోసి నీ పూత నానే తుడిచీసి బొమ్మ ఇంటికట్టుకుపోతాను."

భాగీరథికి తెలుసు, మందు పోస్తే పూతతోపాటు కింది రంగు కూడా ఊడొస్తుంది. చెబితే వినే రకం కాదాయన.

ఆమె హాల్లో తేమంతా లాగించింది. పలచటి ద్రావకం మంచులా చిమ్మి, వెచ్చటి గాలి తగిలించింది. మసక మాయమైంది. హమ్మయ్య అనుకుని టీ తాగి వచ్చేసరికి, అతిథులు ఒక విడత చూసి వెళ్ళారో లేదో, మళ్ళీ అక్కడే తిష్ఠ వేసింది. ఇంకోసారి తీసింది. ఇంకోసారి వచ్చింది. మీటరు చూస్తే గాలిలో చెమ్మ లేనే లేదంటోంది. ఇదెక్కడి గోలరా బాబూ అని తల పట్టుకుంది.

"కాపరీ, ఈ మసక ఎందుకు పోవడంలేదు?"

"పోతోంది మేడమ్. నేనే మళ్ళీ తెస్తున్నాను."

భాగీరథి గిరుక్కున బొమ్మ వైపు తిరిగింది. "నువ్వా? ఎందుకూ?"

"బొమ్మకి హాని జరక్కుండా చూడమన్నారు కదా," అంది కాపరి. "మొదట్లో నాలో ఏ లోపమూ లేదు. వచ్చినవాళ్ళు అసలు పూత ఉందా లేదా అని గోటితో గీరారు. ఒకావిడ ఉంగరంతో రాసి చూసింది, ఒకాయన తాళంచెవితో. నేను వెంటనే మాన్పుకున్నాను కాబట్టి మీకు కనబడలేదు. ఒక గీత మాత్రం రంగుకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ఆ తర్వాత నిజంగానే చెమ్మకి మసక వచ్చింది. అది చూసినవాళ్ళు వేలెత్తి చూపించి, నవ్వుకుని వెళ్ళిపోయారు. ఒక్కరూ ముట్టుకోలేదు. అందుకే ఉంచాను."

"ఏడ్చినట్టుంది! చదువుకున్నవాళ్ళు బొమ్మని గీరతారా? ముందు దాన్ని తీసెయ్. మళ్ళీ తెచ్చావో, ఊరుకోను."

మసక పోయింది. కబురందుకుని అప్పలకొండ వచ్చాడు.

"ఒలమ్మో! మా అయ్య పడవే! తెడ్డుకి తడి కూడా కనబడతందే!" అని కళ్ళు తుడుచుకున్నాడు.

భాగీరథికి సంతోషం పట్టలేకపోయింది. దగ్గరికి జరిగింది. పక్కనుంచి చూసింది, వంగి చూసింది. మరక లేదు, బుడగ లేదు, పూత ఉన్న జాడే లేదు. తన చేత్తో చిమ్మిన పూతే, అయినా నమ్మబుద్ధి కాలేదు. వేళ్ళలో ఒకటే దురద. ఇంత బాగా ఎలా కుదురుతుంది? ఏదో మూల ఏదో లోపం ఉండే ఉంటుంది.

"మేడమ్, మీ గోరు," అంది కాపరి.

ఉలిక్కిపడి చూసుకుంది. చూపుడువేలి గోరు తెరచాప మీద ఉంది. దాని కింద సన్నటి గీత మెల్లగా పూడుకుంటోంది. చెయ్యి వెనక్కి లాక్కుంది. సిగ్గుతో చచ్చిపోయింది. పక్కనే అప్పలకొండ అంతా చూస్తున్నాడు. బొమ్మ ఇక దక్కదనుకుంటూనే, కాపరి చెప్పిందంతా దాచకుండా ఆయనకు చెప్పేసింది.

ఆయన కాసేపు గెడ్డం గోక్కున్నాడు.

"నానేటి తక్కువ తిన్నానా? ఇందాకట్నుంచీ చేతులు జేబులో ఎట్టుకుని ఆపుకుంటన్నాను. గీసినోడిని, నాకే గోకాలనిపిస్తంది!" అన్నాడు. తర్వాత బొమ్మ వైపు తిరిగి, "ఇదిగో కాపరీ, ఎట్టు ఆ మసక. పసిగుడ్డుకి దిష్టిచుక్క ఎట్టమేటి? తెరచాప మీద మాత్రం వద్దు. కింద నీళ్ళ మీద ఎట్టు. అందరికీ బాగా కనబడాల," అన్నాడు.

నీళ్ళ మీద మెల్లగా మసక తేలింది. అది కంటబడగానే భాగీరథి వేళ్ళలో దురద చల్లారింది.