రెండు వందల గంటలు

పొద్దున ఏడయ్యేసరికి ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. బీమా కంపెనీ వాళ్ళు జనాన్ని ప్రశ్నలడిగి, ఆ మాటలు రికార్డు చేసి పంపుతారు. ఒక్క మాట పొల్లుపోకుండా విని టైపు చెయ్యడం ఆవిడ పని. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని పెంచింది ఆ చెవుల మీదే. రికార్డింగులో ప్రశ్నలు ఎడమవైపు, జవాబులు కుడివైపు వినిపిస్తాయి. ఇవాళ కూడా జవాబులు స్పష్టంగా ఉన్నాయి, ప్రశ్నలు మాత్రం ఎవరో దుప్పటి ముసుగులోంచి అడుగుతున్నట్టున్నాయి.

"ఎడమది ఇంకా మందంగానే ఉందిరా," అంది.

కొడుకు ఆడియో షాపులో పనిచేస్తాడు. ఆ ఇయర్‌ఫోన్లు వాడే కొనిచ్చాడు. "కొత్తవి కదమ్మా, లోపల పొర బిగుసుకుని ఉంటుంది. రెండొందల గంటలు మోగితే గానీ వదులవదు. ఇంకా నూటయాభయ్యే అయ్యాయి," అన్నాడు షూ లేసు కట్టుకుంటూ.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, ఆ ఇంట్లో పెరటి చెట్టు మాటకి తిరుగులేదు. శబ్దం విషయంలో వాడేం చెబితే అదే. పెళ్ళయి పక్క వీధిలో ఉంటున్న అక్క వాణ్ణి 'శబ్దశాస్త్రి' అని ఏడిపించేది, వాడు దాన్ని బిరుదులాగే పుచ్చుకునేవాడు. అమ్మ పని ముగియగానే వాటిని పాత ఫోనుకి తగిలించి, సొరుగులో పెట్టి, వానలాంటి హోరు వదిలేవాడు. ఎన్ని గంటలు మోగాయో సొరుగు మీద అంటించిన కాగితంలో రాసేవాడు. ఇంత శ్రద్ధ చదువు మీద పెట్టి ఉంటే ఎక్కడో ఉండేవాడు.

కొన్న మూడో రోజు ఆవిడ నిద్ర లేచేసరికి ఎడమ చెవిలో సన్నగా మోత. ఆ రోజునుంచీ ఫోను కుడిచెవికి మార్చుకుంది. వాడు చూశాడు కూడా, కానీ ఎందుకని అడగలేదు.

రెండొందల గంటలూ నిండాయి. తేడా ఏమీ లేదు. కొన్నిటికి మూడొందలు పడుతుందన్నాడు వాడు. ఈలోగా ప్రశ్నలన్నీ తప్పుల తడకగా ఉన్నాయని కంపెనీ రెండు ఫైళ్ళు వెనక్కి పంపింది. మూడోది కూడా వెనక్కొస్తే పని వేరేవాళ్ళకి ఇస్తామని రాసింది.

ఆదివారం అక్క వచ్చింది. సంగతి విని, ఇయర్‌ఫోన్లు తన చెవుల్లో పెట్టుకుని చూసింది. రెండువైపులా ఒక్కలాగే మోగుతున్నాయి. అవి ఏ చెవిది ఆ చెవికే సరిపోయేలా చేసినవి, అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ మార్చి చూడాలన్న ఆలోచనే రాలేదు. ఆమె కుడిది తీసి తల్లి ఎడమ చెవిలో బలవంతాన నొక్కిపట్టింది. పాట పెట్టింది. తల్లి తల పక్కకి వంచి వినడానికి చూసింది.

"పాట పెట్టావా?" అని అడిగింది చివరికి.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు పరీక్షలన్నీ చేసి, చెవి నరం దెబ్బతిందంది. మొదటి నాలుగైదు రోజుల్లో వచ్చి ఉంటే మందులకి లొంగే అవకాశం ఉండేదట. మందులు ఇప్పుడూ ఇస్తాను గానీ ఆశ పెట్టుకోవద్దంది. ఇన్ని రోజులు ఎందుకు ఆగారని అడిగితే అక్క తమ్ముడి వైపు చూసింది.

ఇంటికొచ్చి తలుపు వేయగానే అక్క తమ్ముడి మీద విరుచుకుపడింది. "నిజం చెప్పు. ఆ రెండొందల గంటల మాట నీకెవరు చెప్పారు?"

వాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "షాపులో నేర్పారు. కొత్తగా చేరినప్పుడు."

"ఎందుకు నేర్పారు?"

"పది రోజుల్లోపు తెస్తే వాపసు తీసుకోవాలక్కా. బాలేదని ఎవరొచ్చినా రెండొందల గంటలు ఆగమని చెప్పాలి. అప్పటికి గడువైనా దాటుతుంది, మనిషైనా అలవాటు పడిపోతాడు. మొదట్లో నాకూ నవ్వొచ్చేది. రోజూ నలుగురికి చెప్పీ చెప్పీ, నేనే నమ్మేశాను."

అక్క ఇక ఆగలేదు. ఊళ్ళోవాళ్ళ చెవుల్లో పూలు పెట్టింది చాలక కన్నతల్లికీ పెట్టావా అంది, అమ్మ తిండి పోయిందని అంది, ఇంకా అనకూడనివి చాలా అంది. వాడు తల ఎత్తలేదు.

"వాణ్ణొక్కణ్ణే అనకు," అంది తల్లి. "ఫోన్లో కూడా వినపడ్డం లేదని నాకు తెలుసు. నా కోసమని వాడు కొన్న మొదటి వస్తువు ఆ ఇయర్‌ఫోన్లే. బాలేవంటే వాడి మొహం చూడలేను. బాగున్నాయంటే పాడైంది నా చెవే అనుకోవాలి. ఆ భయానికి వాడి మాటే హాయిగా ఉండేది. నేనూ నమ్మేశాను."

అక్క కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

సాయంత్రం వాడు కంప్యూటరులో రెండువైపుల గొంతులూ కలిపి కుడివైపే వచ్చేలా పెట్టాడు. ఆవిడ విని చూసింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన చోట ఎవరేమన్నారో తెలియడం లేదు. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వింది. గంటలో అయ్యే పేజీలకి మూడు గంటలు పట్టేలా ఉంది. ఈ లెక్కన కంపెనీ ఉంచుతుందో లేదో తెలియదు. ఆ సంగతి ఆవిడ పైకి అనలేదు, వాడికి చెప్పక్కర్లేదు కూడా.

ఆవిడ ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. వాడు పక్కన కుర్చీలో చాలాసేపటినుంచి కూర్చుని ఉన్నాడు. తల వంచుకుని, గొంతు బాగా తగ్గించి, పొద్దుటినుంచీ అనలేకపోయిన మాట చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. అంతా అయ్యాక తలెత్తితే, ఆవిడ తెర మీద అక్షరాలు దిద్దుకుంటోంది. అప్పుడు చూసుకున్నాడు, తను కూర్చున్నది ఎడమ పక్కన.

కంట తడి చూసి ఆవిడ చెయ్యి ఆపింది. కాసేపు వాడి మొహంలోకే చూసింది.

"కోపం లేదని అబద్ధం చెప్పనురా, ఉంది," అంది. "కానీ నువ్వేదో అన్నావు, అది నాకు కావాలి. ఇటు కుడివైపుకి వచ్చి కూర్చుని మళ్ళీ చెప్పు."

వాడు లేచి, కుర్చీ మోసుకుంటూ అటువైపు వెళ్ళాడు.