లక్షవత్తుల పత్తి

డాక్టర్ గోవర్ధనరావును గుడివాడ స్టేషన్లో పట్టపగలే చంపారు. కాఫీలో విషం. పత్తి జన్యువుల కోసం జీవితం ధారపోసిన మనిషి ప్లాట్‌ఫాం బెంచీ మీద కునుకు తీస్తున్నట్టు కూర్చుని ఉన్నాడు. ఏజెంట్ భీమశంకరానికి ఒళ్ళు మండిపోయింది.

ఫోన్లో చీఫ్ జ్ఞానయ్య బ్రీఫింగ్ ఇచ్చాడు.

"అడవి పత్తి పగళ్ళు కురచైతేనే పూస్తుంది. రైతుల చేతుల్లో వేల ఏళ్ళు పెరిగి ఆ అలవాటు మానుకుంది. జీన్‌లో అక్షరం మారక్కర్లేదు, దాని మీదున్న మిథైల్ అనే రసాయన గుర్తు ఊడిపోతే చాలట. ఆ గుర్తు ఊడని పాత చెట్టు ఒక్కటే డాక్టర్ గారికి దొరికింది. నాగాయలంకలో, చేపలమ్మే అంకమ్మ పెరట్లో."

"ఆయన రిపోర్టు లీక్ చేసిందెవరు?"

"మన భానుమతే. డబుల్ ఏజెంట్. విదేశీ విత్తనాల వ్యాపారి హెండ్రిక్ ముఠా గింజలు ఎత్తుకెళ్ళి, చెట్టు లేకుండా చేసి, పేటెంట్ కొడుతుంది. తర్వాత మన గింజ మనకే అమ్ముతారు."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. భీమశంకరం పళ్ళు నూరుతూ బుల్లెట్ ఎక్కాడు.

చేపల బేరగాడి వేషంలో అతను దివిసీమలో అంకమ్మ ఇంటికి చేరేసరికి చెట్టు లేదు. నరికి తగలబెట్టారు. బూడిద ఇంకా పొగలు కక్కుతోంది. అంకమ్మ రుబ్బురోలు ముందు కూర్చుని శాపనార్థాలు పెడుతోంది.

"పట్టుచీర కట్టుకొచ్చిందయ్యా మహాతల్లి. శివరాత్రికి లక్షవత్తుల నోమంది, చెట్టు మీదున్న పత్తంతా ఇమ్మంది. ఇచ్చి, అలా చేపల గంప దింపి వచ్చేసరికి, దాని వెనకున్న తెల్లోడు చెట్టు నరికించేశాడు."

"గింజలతోనే ఇచ్చావా అక్కా?"

"దేవుడి వత్తులకి గింజలతో ఎవరిస్తారు బాబూ? కూర్చుని అన్నీ ఏరేసి, శుభ్రమైన దూది ఇచ్చాను."

"మరి గింజలు?"

"గేదెకి నానబెట్టాను. సగం రుబ్బి పెట్టేశా. ఇదిగో, మిగతా సగం." పొత్రం తిప్పబోయింది.

భీమశంకరం రోట్లో చెయ్యి పెట్టేశాడు. రెండు వేళ్ళు చితికాయి. గింజలు ఆగాయి.

"చెయ్యి అలాగే ఉంచు శంకరం."

పెరటి గుమ్మంలో భానుమతి. చేతిలో లిప్‌స్టిక్ పిస్టల్.

"బందరు రేవులో మూట విప్పితే ఉత్త దూది. హెండ్రిక్ లాంచీలో కాచుకున్నాడు. గింజలివ్వు."

"డాక్టర్ గారు నిన్ను చెల్లెమ్మా అనేవారు. ఆ కాఫీ నువ్వేనా ఇచ్చింది?"

"డ్యూటీ."

"థూ, నీ బతుకు చెడ."

ఆమె వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది. అంకమ్మ మెల్లగా లేచింది.

"అయితే నోమూ లేదు, వత్తులూ లేవన్నమాట. దేవుడి పేరు చెప్పి నా చెట్టు కాల్చావా?"

కుడితి బకెట్ మొత్తం భానుమతి మొహాన పడింది. తూటా తాటాకు కప్పులోకి పోయింది. భీమశంకరం ఎడంచేత్తో పెన్ను నొక్కాడు. మత్తు సూది మెడలో దిగడంతో ఆమె పట్టుచీరతో సహా పేడలో కూలింది. అతని కబురు అందగానే బందరు రేవులో హెండ్రిక్ లాంచీని కోస్ట్ గార్డ్ చుట్టుముట్టింది.

"గింజలు ఢిల్లీ పంపించు," అన్నాడు చీఫ్ ఫోన్లో.

"పంపను సార్. డాక్టర్ గారి రిపోర్టు మన ఆఫీసులోంచి బయటికి పొక్కకపోతే ఆయన బతికుండేవారు. గుప్పెడు మిగిలాయి. ఈ పెరట్లోనే నాటుతున్నాం."

"మిగతా మెటీరియల్?"

భీమశంకరం కొట్టం వైపు చూశాడు.

"గేదె నెమరేస్తోంది సార్. అరెస్టు చెయ్యమంటారా?"